హార్మోనియం ఆగే చోటు

బహ్రెయిన్ వెళ్లొచ్చానంటే మా తెనాలిలో అందరూ ఒకటే అడిగారు, బంగారం ఎంత తెచ్చావని. ఏమీ తేలేదన్నాను. మరి ఈ వయసులో ఎందుకు వెళ్లినట్టు అన్నారు. మా ఆవిడ గొంతు వినడానికి వెళ్లానని చెబితే ఆ పైన ఎవరూ ఏమీ అడగలేదు. పాపం మతి చలించిందనుకుని మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించేశారు. వెళ్లని వాళ్ల కోసం, కాఫీ ఇచ్చిన వాళ్ల కోసం కూడా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను హార్మోనిస్టుని. ముప్ఫై అయిదేళ్లు పద్యనాటకాలకి పెట్టె వాయించాను. మా ఆవిడ కమల నటి. ఆమెకి పేరు తెచ్చింది ‘నాగసిరి’ అనే ఒకే ఒక్క నాటకం. మా వైపు బడిపంతులు ఒకాయన రాశాడు. శాతవాహనుల నాటి కథ. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక రేవు, ఆ రేవులో నాగసిరి. ముత్యాల కోసం పడమటి దీవులకి వెళ్లిన భర్త ఏళ్లు గడిచినా తిరిగిరాడు. ఆమె ఒంటిమీది నగలమ్మి రేవులో దీపస్తంభం కట్టిస్తుంది. చివరి అంకంలో ఆ దీపం కింద నిలబడి పాడే పద్యం, ‘ఏ తెరచాప కానబడదేటికి, నాథుడు రాడదేమొకో’ అని మొదలవుతుంది. జనం వచ్చేది ఆ పద్యానికే.

మూడేళ్ల క్రితం కమల పోయింది. ఆమె గొంతు ఎక్కడా మిగల్లేదు. రేడియోవాళ్లు పిలిచిన రోజున ఆమెకి జ్వరం. మేమైనా రికార్డు చేయించి ఉండవలసింది, కానీ ఇంట్లో రోజూ వినే గొంతుని ఎవరు దాచుకుంటారు? ఆమె లేని ఇంట్లో పొద్దుపోక ‘నాగసిరి’ ఎక్కడెక్కడ ఎలా ఆడిందో చరిత్ర రాయడం మొదలుపెట్టాను. మొదట్లో నాగసిరి వేషం మీసాలు గీయించుకున్న మగవాళ్లే కట్టారు. తరవాత ఆడవాళ్లు వచ్చారు. అయిదు అంకాల నాటకం మూడుకి తగ్గింది, పోటీల కాలానికి ఒక్క రేవు సీను మిగిలింది. చివరికి అదీ పోయింది. నా చరిత్ర అక్కడితో ముగిసిందనుకున్నాను.

ఒకరోజు మంగలి షాపులో కూర్చున్నాను. సగం గడ్డం గీశాక ఆ అబ్బాయి తన అన్న బహ్రెయిన్ నుంచి పంపిన వీడియో చూపించాడు. ఎవరో మగమనిషి చీర కట్టుకుని నాగసిరి రేవు పద్యం పాడుతున్నాడు. గొంతు మోటు. కానీ విరుపులు కమలవి. ఊపిరి తీసుకునే చోట్లు కూడా కమలవే. మిగతా సగం గడ్డంతోనే ఇంటికి పరిగెత్తాను. ఆ మనిషి పేరు పోశెట్టి అనీ, ఎప్పటిదో ఒక క్యాసెట్ విని నేర్చుకున్నాడనీ వారం రోజుల్లో తెలిసింది. ఆ క్యాసెట్లో ఉన్న గొంతు ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఉమ్మ్ అల్ హస్సామ్

మనామాలో ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో ఒక దర్జీ షాపు పైన నాకు గది చూసిపెట్టింది మంగమ్మ. ఆమెది కోనసీమ. ఇక్కడ మూడిళ్లలో పని చేసుకుంటూ మరో నలుగురు ఆడవాళ్లతో ఒక గదిలో ఉంటుంది. నాటకానికి చీరలు, సవరాలు, రంగు, ప్రాంప్టింగు అన్నీ ఆమే. ఫోనులో నాకు జవాబులిచ్చింది కూడా ఆమే. ‘అన్నయ్యగారండీ’ అని పిలిచిన మొదటి నిమిషంలోనే నా స్వెట్టరు చూసి నవ్వింది. గల్ఫు అంటే ఎండలే కదా అని పలచని స్వెట్టరొకటి పడేసుకెళ్లాను. జనవరిలో సముద్రం మీంచి కొట్టే గాలి దాన్ని లెక్కచెయ్యలేదు.

పొద్దున్నే వీధి చివర రొట్టెల కొట్టు దగ్గర నిలబడటం అలవాటు చేసుకున్నాను. మట్టిపొయ్యి గోడకి పిండి అతికించి, పొంగగానే కొక్కెంతో లాగి బల్లమీద పడేస్తారు. ఇక్కడి చిల్లరలో వంద ఫిల్సులిస్తే ఒక్కడికి మిగిలిపోయేటన్ని ఇచ్చారు. జనం వాటిని సంచీలో వేసుకోకుండా, వేడిగా చేతులమీదే పరుచుకుని ఇంటికి పోతారు. నేనూ అలాగే తెచ్చుకుని రెండు తిన్నాను. మిగతావి ఎవరికివ్వాలో తెలియలేదు. పక్కన మలయాళీ హోటల్లో దోసె అయిదొందల ఫిల్సులు. మన డబ్బుల్లోకి మార్చి చూస్తే వంద దాటింది. ఆ రోజు నుంచి మార్చి చూడ్డం మానేశాను.

బాగుండనిది ఏమిటంటే సాయంత్రాలు. రోజంతా చూసినవి మనసులో పేర్చుకుని గదికొస్తాను, చెప్పడానికి మనిషి ఉండదు. మంగమ్మ మూడో ఇంట్లో అంట్లు తోముతుంటుంది. కింద దర్జీ బంగ్లాదేశ్ ఆయన, నా హిందీకి తల ఊపుతాడు తప్ప ఆయనకేం అర్థమయ్యేదో తెలియదు. కమల ఉండగా మేం మహా మాట్లాడుకునేవాళ్లం అనికాదు. చివరి పదేళ్లూ మా ఇంట్లో కూర ఏమిటి, కరెంటు బిల్లు వచ్చిందా అన్న మాటలే ఎక్కువ. అవైనా ఉండేవి.

గలాలీ

పోశెట్టి గలాలీలో ఎవరిదో ఇల్లు కడుతున్నాడని మంగమ్మ చెబితే గురువారం అక్కడికి వెళ్లాను. ముహర్రక్ దీవి చివర, సముద్రం పక్కన ఊరు. మధ్యాహ్నం భోజనాల వేళకి గాని అతను దొరకడని తెలిసి ఒడ్డున తచ్చాడుతుంటే, వల బాగు చేసుకుంటున్న ముసలాయన ఒకాయన చేత్తో పిలిచి కూర్చోబెట్టాడు. చెవిలేని చిన్న కప్పులో ఏలకుల కాఫీ పోశాడు. చేదుగా ఉంది. మర్యాదకి తాగేశాను. మళ్లీ పోశాడు. మళ్లీ తాగాను. అలా అయిదు కప్పులయ్యాయి. మనవైపు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు, వీళ్లకి చాలు అని చెప్పాలంటే కప్పు అటూ ఇటూ ఆడించాలట. ఆ సంగతి పక్కన నిలబడ్డ కేరళ డ్రైవరు నవ్వాపుకుని ఆరో కప్పుకి చెప్పాడు. ముసలాయన నవ్వలేదు. ఒంటరిగా తిరిగే మనిషిని చూసి దాహమనుకున్నాడేమో, రెండు ఖర్జూరాలు కూడా చేతిలో పెట్టాడు.

కట్టుబడి దగ్గర చెక్కల మీద కూర్చుని అన్నం తింటున్నారు మనవాళ్లు. పోశెట్టిది కోరుట్ల దగ్గర పల్లె. షట్టరింగు పని. యాభై దాటి ఉంటాయి, చేతులు గరుకుగా, మనిషి సన్నగా ఉన్నాడు. వాళ్ల నాయన ఊళ్లో భాగవతాల్లో ఆడవేషం కట్టేవాడట. నన్ను చూడగానే చెయ్యి కడుక్కుని లేచి నిలబడ్డాడు.

“అమ్మకు హార్మోని కొట్టింది మీరే గద సారూ” అన్నాడు. కమలని అతను ఎన్నడూ చూడలేదు. అయినా అమ్మ అనే అంటాడు.

నేను కుశలప్రశ్నలు కూడా వెయ్యకుండా క్యాసెట్ ఏదని అడిగాను. అతను తల వంచుకున్నాడు.

“క్యాసెట్ ఖలాస్ సారూ. మస్తు దినాలయింది. తెచ్చిన డ్రైవర్ అన్న ఎండకాలంల బండ్ల పెట్టి మర్సిండు. ముద్దయిపోయింది.”

అక్కడే చెక్కల మీద కూలబడ్డాను. ఈ మాట ఫోనులో ఎందుకు చెప్పలేదని అడిగే ఓపిక కూడా లేదు. చెబితే నేను రానని భయపడి మంగమ్మే వద్దందని తరవాత తెలిసింది. పోశెట్టి నా పక్కన కూర్చుని, గాబరా పడవద్దనీ, అమ్మ పాడిందంతా తన గొంతులో ఉందనీ, ఆమె మధ్యలో దగ్గింది కూడా ఉందనీ చెప్పి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు.

మాట తెలంగాణది, పద్యం తెనాలిది. మొదటి పాదంలో ఆ విరుపు, రెండో పాదంలో ఊపిరికి ఆగి సన్నగా దగ్గడం, అన్నీ ఉన్నాయి. పక్కవాళ్లు పప్పన్నం కలుపుకుంటూనే ఉన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. మూడో పాదం చివర గొంతు పైకి వెళ్లింది, అక్కడ హఠాత్తుగా ఆగిపోయింది. కళ్లు తెరిస్తే అరచెయ్యి పైకెత్తి ఉన్నాడు.

“ఈడ హార్మోని ఆపుతరు సారూ. అమ్మ మీ దిక్కు సూస్తది. క్యాసెట్ల సూసుడు గనవడదు గానీ నాకు ఎర్కైతది. గప్పుడు నాలుగో పాదం ఒక్కతే పాడుతది. ఇగ ఈడ ఏడ్వని మనిషి లేడు.”

మీకు చెప్పాలి. ఆ పద్యంలో అక్కడ హార్మోనియం ఆగదు. ఏ కంపెనీలోనూ, ఏ కాలంలోనూ ఆగలేదు. మూడో పాదం అయ్యాక హార్మోనియమే గొంతుని మోసి నాలుగో పాదం పై స్థాయికి చేర్చాలి. ఆగింది ఒకే ఒక్కసారి, ఒక తిరునాళ్లలో. ఆ రోజు గ్రీన్‌రూములో పదిమంది ముందు కమల నాతో, మీరు తొందరపడుతున్నారండీ, పద్యం మీ వేళ్ల వెనక పరిగెత్తాల్సి వస్తోంది, అంది. ఉన్న మాటే. వన్స్‌మోర్లన్నీ ఆమెకి, దండలన్నీ ఆమెకి, నా పేరు కరపత్రంలో అట్టడుగున. కడుపు మండింది. నేను లేకపోతే నీ పాటి ఏమిటో చూసుకో అనుకుని, మూడో పాదం అయిన చోట మెట్ల మీంచి చేతులు తీసేసి తిత్తి మూసేశాను. ఆమె పడిపోవాలని. ఆమె రెండు ఊపిర్లసేపు నావైపు చూసింది. ఆ తరవాత శ్రుతి లేకుండా, శ్రుతి తప్పకుండా, నాలుగో పాదం ఒక్కతే పాడి ముగించింది.

ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండేళ్ల తరవాత గొంతు బాగోడం లేదని స్టేజీ మానేసింది. గొంతు బాగానే ఉండేదని వంటింట్లో కూనిరాగాలు వినే నాకు తెలుసు. ఇవాళ అడగాలి, రేపు అడగాలి అనుకుంటూ క్షమించమన్న ఒక్కమాట అడక్కుండానే ఆమెని పంపించేశాను. ఎవరో ఆ ఒక్క ప్రదర్శననే జనంలో కూర్చుని టేపు చేశాడన్నమాట. నేను చేసిన ఆ పాడుపనిని ఇక్కడ ఏటేటా ముచ్చటగా ఆడుకుంటున్నారు.

పోశెట్టితో బాగుందన్నాను. మరునాడు శుక్రవారం ప్రదర్శన, వాళ్ల హార్మోనిస్టుకి ఓవర్‌టైం పడింది, మీరే కొట్టాలి సారూ అని అడిగాడు. సరేనన్నాను. అదే నేను వచ్చిన పని అని అప్పుడే నాకు తోచింది. ఆమె గొంతు నాకు దొరకదు. కనీసం ఆ పద్యాన్ని ఈసారి చివరిదాకా మోస్తాను, చేతులు తియ్యను.

అవాలి దాటి

శుక్రవారం పొద్దున కంపెనీ బస్సులో పోశెట్టి వాళ్లుండే లేబర్ క్యాంపుకి తీసుకెళ్లారు. ఊరు దాటాక ఎడారి, దాని మీద తీగల్లా పరిచిన చమురు గొట్టాలు. మధ్యలో అవాలి వచ్చింది. చమురు కంపెనీ వాళ్లు ఎప్పుడో కట్టుకున్న ఊరట. కంచెలా కత్తిరించిన మొక్కలు, పచ్చిక, వరండాల ఇళ్లు. ఎడారిలో అంత పచ్చదనం చూస్తే ఎవరింటికో చెప్పకుండా వచ్చినట్టు ఇబ్బందిగా అనిపించింది. బస్సు అక్కడ ఆగలేదు.

దారి పొడుగునా మంగమ్మ నా పక్కన కూర్చుని ఈ దేశంలో ‘నాగసిరి’ చరిత్ర చెప్పింది. నేను నోటుబుక్కు తీసి రాసుకున్నాను. మొదటిసారి ఒక డాబా మీద అయిదుగురు కలిసి ఆడారట, దుప్పటి తెర. ఒక ఏడు హార్మోనియం దొరక్క ఫోనులో తంబురా శ్రుతి పెట్టుకున్నారు. కరోనా ఏడు ఎవరి గదిలో వాళ్లుండి ఫోనులోనే పద్యాలు పాడుకున్నారు. ఇప్పుడు మనామాలో భజన చేసుకునేవాళ్ల దగ్గర హార్మోనియం అరువు తెస్తున్నారు.

పుస్తకంలో నాగసిరి భర్త తిరిగిరాడు కదా, ఇక్కడ వస్తాడు. దేశం విడిచొచ్చిన వాళ్ల మధ్య ఆడుతూ రాకుండా ఎలా చేస్తామండీ, అపశకునం కదండీ, అంది మంగమ్మ. ఎలా వస్తాడంటే, తలపాగా, పంచె, మొలలో కత్తి, భుజం మీద, ఇక్కడివాళ్లు సెలవుకి ఇంటికి మోసుకెళ్లేలాంటి, తాళ్లతో బిగించిన పెద్ద అట్టపెట్టె. దానిమీద పేరు, ఊరు, మండలం, జిల్లా మార్కరుతో రాసి ఉంటాయి. శాతవాహనుల కాలంలో జగిత్యాల జిల్లా ఎక్కడిదని అడగబోయి ఊరుకున్నాను. ఆ పెట్టె రంగస్థలం మీదికి రాగానే మొదటి వరసలో ఈలలు ఆగవట.

శుక్రవారం మధ్యాహ్నం

క్యాంపు భోజనాల హాల్లో బల్లలు ఒక చివరికి చేర్చి స్టేజీ కట్టారు. మూడు గంటలకి మొదలు. రెండొందలమంది దాకా నేలమీద సర్దుక్కూర్చున్నారు. చాలామందికి పద్యాలు నోటికొచ్చని వాళ్ల పెదాలు చూస్తేనే తెలుస్తోంది. అరువు హార్మోనియం భజనలకి అలవాటుపడింది, రెండు మెట్లు లోపలికి పోతే పైకి రావు. వేలితో ఎగదోసుకుంటూ వాయించాను.

చీర కట్టుకుని, సవరం పెట్టుకుని పోశెట్టి వచ్చి దీపం కింద నిలబడ్డాడు. పద్యం ఎత్తుకున్నాడు. తొందరపడకుండా, అతని వెనకే నడుస్తూ వాయించాను. రెండో పాదంలో దగ్గాడు. మూడో పాదం పైకి వెళ్లింది, ఆగింది. అతను నావైపు తిరిగాడు. నేను ఆపలేదు. ఏళ్ల క్రితం ఇవ్వాల్సిన స్వరాలన్నీ ఇచ్చాను, వంతెన వేసినట్టు నాలుగో పాదం గుమ్మందాకా తీసుకెళ్లి నిలబెట్టాను. నా జన్మలో అంత బాగా వాయించలేదు.

పోశెట్టికి ఏం చెయ్యాలో తెలియలేదు. నాలుగో పాదం అందుకోబోయి మాట తడబడ్డాడు. గొంతు హార్మోనియం కింద పడిపోయింది. ఎలాగో ముగించాడు. హాల్లో చప్పట్లు లేవు. ముందు వరసలో పెద్దాయన ఒకాయన లేచి, నావైపు చూసి, కోపం లేకుండానే అన్నాడు.

“సారూ, మీరు కొత్త. ఆడ ఆపాలె. మల్లొకసారి కొట్టుండ్రి.”

వెనకనుంచి వన్స్‌మోర్ అని ఒకరు, ఆపి కొట్టమని నలుగురు. మంగమ్మ తెర పక్కనుంచి రెండు చేతులూ జోడించింది. తలెత్తలేకపోయాను. దిద్దుకుందామని వస్తే, చేసిన తప్పే మళ్లీ చెయ్యమంటున్నారు.

పోశెట్టి పద్యం మొదటినుంచీ ఎత్తుకున్నాడు. మూడో పాదం చివర నావైపు చూశాడు. చేతులు తీసేశాను.

ఆనాడు నేనది వినలేదు. కోపంతో చెవుల్లో నెత్తురు కొట్టుకుంటుంటే ఆమె ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు విన్నాను. రెండొందలమంది ఊపిరి బిగపట్టిన చోట, ఏ ఆసరా లేకుండా ఒక గొంతు లేచి నిలబడింది. గొంతు పోశెట్టిది, నిలబడ్డ తీరు కమలది. వణకలేదు. నన్ను తిట్టనూ లేదు. నాథుడు రాకపోయినా దీపం వెలుగుతుందని చెప్పే పాదం అది, చెప్పేసి ఊరుకుంది. పద్యం అయిపోయాక కూడా నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఏడ్చాను. హాలంతా ఏడుస్తోంది గనక నన్నెవరూ ప్రత్యేకంగా చూడలేదు.

తరవాత పెట్టెతో భర్త వచ్చాడు, ఈలలు వేశారు, నాటకం ముగిసింది.

కొళాయిల దగ్గర కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్న పోశెట్టి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పేశాను. అది ఎవరూ పెట్టిన పద్ధతి కాదు, కడుపుమంటతో నేను చేసిన పని, ఆమె పడిపోవాలని ఆపాను, వచ్చే ఏటి నుంచి మానెయ్యండి అన్నాను. కమలకి చెప్పాల్సిన మాటలు షట్టరింగు పనివాడికి చెబుతున్నానని తెలుస్తూనే ఉంది. అతను నూనె రుద్దుకుంటూనే ఉన్నాడు. ఒక చెంప మీద ఇంకా నాగసిరి ఉంది.

“పడలే గద సారూ” అన్నాడు. “మీరు ఆపిండ్రు, అమ్మ పడలే. మాకు గదే గావాలె. ఏడాదంత గా ఒక్క ముక్క కోసమే ఉంటం. మీ పుస్తకంల ఇది రాయకుండ్రి.”

మరుసటి రోజు బయల్దేరాను. తెనాలి వచ్చాక, గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఇంట్లో కూర్చుని నా చరిత్రలో చివరి అధ్యాయం పూర్తిచేశాను. బహ్రెయిన్ ప్రదర్శనల్లో రేవు పద్యం మూడో పాదం తరవాత హార్మోనియం ఆగుతుంది, నాలుగో పాదం పాత్రధారి ఒక్కరే పాడతారు, ఈ పద్ధతి కమలది, అని రాశాను. ఆపిందెవరో, ఎందుకో ఆ పుస్తకంలో లేదు. పోశెట్టి మాట కాదనలేకపోయాను.

ఇక్కడ మాత్రం రాశాను. ఆమె ఉండగా ఆమెకే చెప్పాల్సింది.